నోట్లో తడి వచ్చేదాకా

లాలి కడుపులో ఏదో జబ్బు ఉందని నేను మూడేళ్ళపాటు గట్టిగా నమ్మాను. నేను పశువుల దవాఖానాలో కాంపౌండర్‌ని. మనుషుల రోగాల జోలికి పోకూడదని నాకూ తెలుసు. అయినా నోరు ఊరుకోదు కదా. "అల్సరేమో చూపించుకో", "టీ మానెయ్", "పొద్దున్నే పెరుగన్నం తిను" అని కనిపించినప్పుడల్లా చెప్పేవాణ్ణి. ఆమె అన్నిటికీ తలూపేది. ఖమ్మం వెళ్ళి చూపించుకుంది కూడా. గొట్టం వేసి చూశారట, లోపలంతా శుభ్రంగా ఉందన్నారట. అంత శుభ్రంగా ఉన్న కడుపు ఏటా ఒక నెలపాటు ఎందుకు మెలిపెడుతుందో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

నా పేరు భాస్కర్, సొంతూరు బోనకల్. చండ్రుగొండ వైపు వచ్చినప్పుడు రెండేళ్ళుండి వెళ్ళిపోదామనుకున్నాను. కిరాయి ఇంట్లోనే పద్దెనిమిదేళ్ళు గడిచాయి. బదిలీకి దరఖాస్తు పెట్టుకోమని మా ఆవిడ ఏటా అంటుంది, చూద్దాంలే అని నేను ఏటా అంటాను. నాకు కోపం ఎక్కువ. సూది వేసేటప్పుడు చెయ్యి మెత్తన, మాట్లాడేటప్పుడు నోరు గట్టి అని ఆవిడే నాకు సర్టిఫికెట్ ఇచ్చింది. పశువుల మీద నేనెన్నడూ అరవలేదు. వాటి యజమానుల మీద అరవని రోజు లేదు.

లాలిది మా దవాఖానాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న తండా. భర్త రామ్‌చందర్ పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి వెళ్తాడు. ఒక కూతురు, కొత్తగూడెంలో నర్సింగు చదువుతోంది. ఎకరన్నర పత్తి చేను, రెండు గేదెలు. మనిషి పొట్టి, మాట తక్కువ. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, ఆ బాపతు. కానీ గేదె పక్కన కూర్చుందంటే ఆమె ముందు నా ముప్పై ఏళ్ళ సర్వీసు దిగదుడుపే.

పాడి తెలియని వాళ్ళకోసం ఒక మాట చెప్పాలి. గేదె పొదుగులో పాలుంటే సరిపోదు, అది చేపాలి. అంటే పాలను తనంతట తాను కిందికి వదలాలి. దూడ వచ్చి మూతితో నాలుగు పోట్లు పొడిస్తే చేపుతుంది, నమ్మిన చెయ్యి తగిలితే చేపుతుంది. బెదిరిందంటే మాత్రం ఎగచేపుతుంది. పాలు పైనే బిగబట్టేస్తుంది. ఇక కొట్టినా తిట్టినా కాళ్ళు కట్టేసినా చుక్క రాదు. దానికి కావాలని చేసే మొండితనం ఏమీ లేదు, భయపడ్డ ఒళ్ళు అట్లా బిగుసుకుపోతుంది, అంతే.

చుట్టుపక్కల ఎవరింట్లో గేదె ఎగచేపినా లాలికి కబురు వెళ్ళేది. ఆమె వచ్చేది, కూర్చునేది, కాసేపటికి తపేలా అడుగున పాలధార మోగేది. పోయేటప్పుడు వాళ్ళు చొప్పకట్టో నాలుగు వంకాయలో చేతిలో పెడితే తీసుకునేది, పెట్టకపోతే అదీ లేదు. ఒకసారి ఒక ఆసామి ఇంట్లో మా ఇద్దరికీ టీ ఇచ్చారు, చక్కెర వెయ్యడం మరిచిపోయారు. నేను అడిగి రెండు చెంచాలు వేయించుకున్నాను. లాలి చివరి గుక్కదాకా ఆ చేదు నీళ్ళే తాగింది. ఏమ్మా, చక్కెర వద్దా అంటే, "ఉన్నది చాలు సార్" అంది. ఉన్నది ఏముందని చాలడానికి?

మా దవాఖానాకు ఒక డాక్టరు, ఒక కాంపౌండరు. చుట్టూ నలభై దాకా ఊళ్ళు, తండాలు, అడవిలో కోయగూడేలు. అందుకని ఊళ్ళలో ఉండే ఆడవాళ్ళలో కొందరిని ఎంచి, రెండు నెలలు శిక్షణ ఇచ్చి, పశుమిత్రలుగా పెట్టుకునే పద్ధతి వచ్చింది. టీకాలు వెయ్యడం, కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించడం, ఈనేటప్పుడు దగ్గర ఉండడం వాళ్ళ పని. పదో తరగతి పాసై ఉండాలి, వయసు నలభై లోపు ఉండాలి. లాలి పెళ్ళయి పిల్ల పుట్టాక ఓపెన్ స్కూల్లో కూర్చుని పది పాసైంది. ఈ పని ఆమె కోసమే పుట్టిందని విన్న రోజే అనుకున్నాను. ఆమె కూడా అనుకుంది, ఆ రోజు ఆమె కళ్ళు నేను చూశాను. ఒక్కటే చిక్కు. పని కావాలన్న వాళ్ళు మహిళా సమాఖ్య మీటింగులో అందరి ముందు లేచి, నాకు ఈ పని కావాలి, ఫలానా ఊళ్ళు చూసుకుంటాను అని తమ నోటితో చెప్పాలి. సమాఖ్య అధ్యక్షురాలు సరళమ్మ పెట్టిన నియమం అది. ఇక్కడ నోరు విప్పలేనిది రేపు నలుగురు మగవాళ్ళ మధ్య గిత్తకు సూది ఎట్లా వేస్తుందని ఆవిడ వాదన. కాదనడానికి లేదు.

మొదటి ఏడాది లాలి మీటింగుకు బయల్దేరి, బస్టాపులో వాంతి చేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. రెండో ఏడాది హాలు దాకా వచ్చింది. పేరు పిలిస్తే లేచి నిలబడింది కూడా. పెదవులు ఎండిపోయి అంటుకుపోయాయి. చివరికి, "మా తోటికోడలు కవిత మంచిగ చేస్తది" అని ఒక్క మాట అని కూర్చుంది. వెనక కూర్చున్న కవిత తెల్లబోయింది. పని కవితకు వచ్చింది.

ఆ మర్నాడు దూడకు మందు కోసం లాలి దవాఖానాకు వచ్చింది. నేను రాత్రంతా దిగమింగుకున్న కోపం అక్కడ కక్కేశాను.

"నీకు ఆ పని వద్దా?"

"కావాలె సార్."

"కావాలంటే కవిత పేరెందుకు చెప్పావమ్మా? అడగందే అమ్మైనా పెట్టదంటారు, సరళమ్మ పెడుతుందా?"

ఆమె నేల చూపులు చూసింది. నాకు ఇంకా మండింది. తెలివి ఉండీ ఏం లాభమనీ, చేతికొచ్చింది నేలపాలు చేసుకోవడం నీ దగ్గరే నేర్చుకోవాలనీ ఏదేదో అరిచాను. ఆమె చేతిలో మందు సీసా జారి పగిలింది. గాజుపెంకులు ఏరడానికి కూర్చుని, నా ముఖం వైపు చూడకుండా, చిన్నప్పటి తీజ్ పండగ సంగతి చెప్పింది.

తండాల్లో శ్రావణంలో చేస్తారు తీజ్. పెళ్ళికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ పూటపూటకూ నీళ్ళు పోస్తారు, ఉప్పూ కారం లేని తిండి తింటారు. తొమ్మిదో రోజుకు మొలకలు జానెడు లేస్తాయి. వాటిని పెద్దల తలపాగాల్లో దోపి, వాగులో కలుపుతారు. ఎవరి బుట్ట ఒత్తుగా, ఎత్తుగా ఉంటే ఆ పిల్లకు ఆ ఏడంతా పేరు. పన్నెండేళ్ళ లాలికి తన బుట్టే అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలని ఆశ పుట్టింది. తెల్లారగట్ల అందరికన్నా ముందు లేచి, ఎవరూ చూడకుండా తన బుట్టకు ఇంకో చెంబెడు, ఇంకో చెంబెడు పోసింది. మూడు రోజులు మొలకలు ఎగిసి పెరిగాయి. ఏడో రోజుకు పసుపు తిరిగి, బుట్టంతా కుళ్ళు వాసన వేసింది. సరిగ్గా ఆ రోజే లాలి బాపు ఎడ్లబండి వాగు దిగుతూ బోల్తా పడింది. ఆయన కాలు నుజ్జయింది. తండా అంతా చూస్తుండగా పెద్దమ్మ ఆ బుట్టను తీసి బయట పడేసింది.

"ఈ పిల్ల ఆశకు బుట్ట కుళ్ళింది, బాపు కాలు పోయింది అన్నది సార్. ఎక్కువ కోరుకుంటే గిట్లనే అయితది అన్నది."

"మీ బాపు కూడా అట్లాగే అన్నాడా?"

"లేదు. బండి సీల అరిగిపోయింది బిడ్డా, అది నేను చూసుకోలే అని సచ్చేదాక చెప్పిండు."

"మరింకేం. మొలకలు నీళ్ళెక్కువై కుళ్ళాయి, బండి సీల అరిగి పడింది. ఈ రెంటికీ నీ ఆశకూ ఏమిటమ్మా సంబంధం?"

"సంబంధం లేదు సార్, నాకు తెల్సు," అంది పెంకులు కొంగులో వేసుకుంటూ. "నాకు తెల్సు గని పొట్టకు తెల్వది."

అరిచినందుకు సిగ్గేసి, కొత్త సీసా ఇచ్చి పంపాను.

ఏడాది తిరిగింది. కవితకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. పశుమిత్ర జాగా మళ్ళీ ఖాళీ. లాలికి ముప్పై తొమ్మిది నిండబోతున్నాయి, అంటే ఇదే ఆఖరి అవకాశం. మీటింగు ఇంకా నెలన్నర ఉందనగానే ఆమె కడుపు పని మొదలుపెట్టింది. మజ్జిగ తప్ప ఏదీ ఇమడడం లేదని రామ్‌చందర్ వచ్చి చెప్పాడు.  

ఆ రోజుల్లోనే వాగు అవతలి కోయగూడెం నుంచి పగిడయ్య వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇప్పపువ్వు ఏరడం నుంచి పోడు చేను దాకా ఎరగని పని లేదు. గేదె మాత్రం ఆయనకు కొత్త. సర్కారు స్కీములో ఆయన కోడలు పుష్పలత పేరు మీద వచ్చింది. మా బోనకల్ వైపు నుంచే, దూడతో సహా, వ్యాన్‌లో ఎక్కించి తెచ్చారు.

"మూడు దినాలాయె సారూ, సుక్క పాలిస్తలేదు. కాళ్ళు కట్టేసి పిండుదామని ఎవరో సెప్తే కట్టినం. అప్పటిసంది దూడను గూడ రానిస్తలేదు. మేం ఎన్నడూ పిండినోళ్ళం గాదు. దూడ పాలు దూడవి అనేటోళ్ళు మా పెద్దోళ్ళు. కోడలేమో పిల్లలకు పాలు గావాలంటది. దూడ నోటికాడిది గుంజుకున్నమని గిట్ల అయిందా అని నాకు బయం."

ఆయనకు కావలసింది ఇంజక్షన్. పాలు బలవంతంగా దింపే సూది ఒకటి ఉందని ఎవడో చెప్పాడు. అట్లా వాడకూడదని నేను గొంతు చించుకోబట్టి పద్దెనిమిదేళ్ళయింది. అయితే మూడు రోజులుగా దూడ కూడా పస్తు ఉందంటే తీసిపారేసే సంగతి కాదు. సంచిలో సూది పెట్టుకుని, దారిలో తండా దగ్గర ఆగి లాలిని కూడా రమ్మన్నాను. రామ్‌చందర్ తన బండి మీద తీసుకొచ్చాడు.

మేం వెళ్ళేసరికి గేదె కళ్ళల్లో తెల్లగుడ్లు కనబడుతున్నాయి. చెవులు నిక్కబొడుచుకుని, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, డొక్కలు ఎగరేస్తూ రొప్పుతోంది. వెనకంతా నీళ్ళ పేడ. లాలి ఆ పేడ వైపు చూసింది, గేదె డొక్క వైపు చూసింది.

"దీనికి నా రోగమే సార్," అంది.

నేను సంచి విప్పబోతుంటే వద్దంది. "సూది వద్దు. జర సేపు అందరూ కంచె అవతలికి పోండ్రి."

గూడెం మొత్తం కంచె మీదికి ఎక్కింది. లాలి చెప్పులు విడిచి, గేదెకు రెండు బారల దూరంలో, దాని ముఖం వైపు చూడకుండా కూర్చుంది. చాలాసేపు ఏమీ చెయ్యలేదు. ఆమె మడిమలు తడి మట్టిలోకి దిగి ఉన్నాయి. వేడి గంజి ఊదుకునేటప్పుడు పెదవులు పెడతామే, అట్లా పెట్టి మెల్లగా, పొడుగ్గా గాలి వదులుతోంది. నేను గడియారం చూసుకున్నాను, పావుగంట. మళ్ళీ చూసుకున్నాను. ఆమె అరచేతి దూరానికి జరిగి గేదె డొక్క మీద చెయ్యి వేసింది. అది తన్నలేదు. మొదట దాని డొక్క ఒక లెక్కన, ఆమె ఊపిరి ఒక లెక్కన ఉన్నాయి. పోను పోను రెండూ ఒకటయ్యాయి. ఒక చెవి వాలింది. తరువాత గొంతులో కింద నుంచి పైకి ఒక ముద్ద కదిలింది, దవడ పక్కకు జరిగింది. నెమరు మొదలైంది. నెమరు వేస్తున్న పశువుకు భయం ఉండదు. భయమున్న పశువు నెమరు వెయ్యదు. పుస్తకంలో చదివిన ఆ ముక్కను కళ్ళారా చూడడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

దూడను వదలమంది. అది ఉరికి వచ్చి పొడిచింది, గేదె చేపింది.

"రెండు చన్నులు దూడకు ఇడుద్దాం తాతా, రెండు మనకు," అంది లాలి తపేలా పెట్టుకుని.

"దూడకు సాల్తదా బిడ్డా?"

"సాల్తది. ఇది బయపడ్డప్పుడు దూడకూ లేదు, మీకూ లేదు. ఇప్పుడు ఇద్దరికీ ఉంది."

పగిడయ్య కంచె మీద నుంచి దిగి, దూడ తాగినంతసేపూ దాని మూతినే చూస్తూ నిలబడ్డాడు. దూడ కడుపు నిండి తనంతట తాను పక్కకు తప్పుకున్నాక గానీ ఆయన ముఖంలో నవ్వు రాలేదు.

తిరిగి వస్తూ వాగు దగ్గర చేతులు కడుక్కోవడానికి ఆగాం. దానికేం మంత్రం వేశావని లాలిని అడిగాను.

"మంత్రమేముంది సార్. నా ఊపిరి ఉరికితే దాని ఊపిరి ఉరుకుతది. మొదలు నేను నిమ్మళం కావాలె. మడిమలు బూమికి ఒత్తుకుంట. లోపలికి పీల్చుడు తక్కువ, బయటికి ఇడుసుడు ఎక్కువ. నిమ్మళంగ, జల్దీ చెయ్యొద్దు. దానికి మాటలు తెల్వయి కద, బయపడకు బయపడకు అంటే ఇంటదా..."

అక్కడ ఆగిపోయింది. చేతులు నీళ్ళలోనే ఉన్నాయి. వాగు నీళ్ళు ఆమె గాజుల మీదుగా పోతున్నాయి.

"పొట్టకు గూడ మాటలు తెల్వయి," అంది, నాతో కాదు.

నా నాలుక చివర పది సలహాలు వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. నోరు మూసుకుని నేను మంచి చేసిన సందర్భాలు నా జన్మలో తక్కువ. అది వాటిలో ఒకటి.

మర్నాటి నుంచి లాలి తనను తాను గేదెను మచ్చిక చేసినట్టు మచ్చిక చేసుకోవడం మొదలుపెట్టింది. పెద్ద కోరికలతో కాదు. దవాఖానా పక్కన టీ బండి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడేది. "ఇంకొంచెం చక్కెర" అనాలి. ఆ రెండు ముక్కలు అనబోయేసరికి గుండె దడ, నోరు పిడచకట్టడం. అప్పుడు చెప్పులోంచి కాలు బయటికి తీసి మడిమ నేలకు ఒత్తి, గంజి ఊదుకునేది. మొదటి రోజు టీ చల్లారి మీగడ కట్టింది తప్ప మాట రాలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు అడిగింది. టీ బండి ముత్యాలు చెంచాడు వేసి తన పని తాను చేసుకున్నాడు. అతనికేం తెలుసు, అక్కడ ఎంత పని జరిగిందో.

ఎప్పుడు మాట్లాడాలో నీకెట్లా తెలుస్తుందని అడిగాను.

"నోట్లో తడి రావాలె సార్. బయముంటే నోరు ఎండుతది. తడి వచ్చేదాక మాట్లాడ. గేదెకు నెమరు ఎట్లనో నాకు తడి గట్ల."

అన్ని రోజులూ బాగా సాగాయని చెప్పను. ఒకరోజు బస్సులో కిటికీ సీటు అడిగిందట. అడిగాక గుండె ఎంత కొట్టుకుందంటే, సీటు ఇచ్చినా కూర్చోలేక తరువాతి స్టాపులో దిగి నడిచి వచ్చింది. ఆ రాత్రి కూతురికి జ్వరమని ఫోన్ వచ్చింది. చూసినవా, చూసినవా అని పొట్ట మళ్ళీ మెలిపెట్టింది. రెండు రోజులు తిండి లేదు. జ్వరం మామూలు జ్వరమే, తగ్గిపోయింది. లాలి మళ్ళీ టీ బండి దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఆమెను చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. మీటింగుకు వారం ముందు రామ్‌చందర్ నవ్వాపుకోలేక వచ్చాడు. "సార్, నిన్న పెళ్ళిల మా ఆమె మూలుగున్న నల్లిబొక్క కావాలె అని అడిగి ఏపిచ్చుకున్నది. ఇరవయ్యేండ్ల సంది ఇంట్ల నల్లి నా పల్లెంలనే ఏస్తున్నది. ఆమెకు నల్లి ఇష్టమని నాకు నిన్ననే తెల్సింది."

మీటింగు నాడు డాక్టరుగారు సెలవులో ఉండడంతో శాఖ తరఫున నేను వెళ్ళాను. బల్ల చివర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం నా పని, ఎంపికలో నాకు మాట లేదు. నలుగురు పోటీ. మొదటి ముగ్గురూ గడగడా చెప్పేశారు. మూగజీవాలకు సేవ చేస్తాం, ఊరికి సేవ చేస్తాం, అవకాశమిస్తే రుణపడి ఉంటాం. చప్పట్లు కొట్టారు. లాలి పేరు పిలిచారు.

లేచి నిలబడింది. చేతిలో సర్టిఫికెట్ల కాగితాలు రెపరెపలాడుతున్నాయి. పైన ఫ్యాను తిరగడం లేదు, కరెంటు లేదు. మాట లేదు. నిమిషం గడిచింది. వెనక నుంచి ఎవరో, "మల్లా గంతేనా" అన్నారు, నలుగురు నవ్వారు. చెప్పెయ్ తల్లీ, రెండు ముక్కలు, చెప్పెయ్. నేనే లేచి ఆమె పేరున చెప్పేద్దామా అని కుర్చీ వెనక్కి జరిపాను కూడా.

"లాలీ, సెప్పమ్మా. టైం అయితాంది," అంది సరళమ్మ.

అప్పుడు నా చూపు కిందికి పడింది. లాలి చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి. మడిమలు సిమెంటు నేలకు ఒత్తి ఉన్నాయి. పెదవులు గంజి ఊదుతున్నాయి. నేను కుర్చీ మళ్ళీ ముందుకు జరుపుకున్నాను. ఎంతసేపైందో చెప్పలేను. ఆమె గొంతులో ఒక ముద్ద కదిలింది. మింగింది. నాకు తెలిసిపోయింది.

"నాకు ఈ పని కావాలె," అంది లాలి.

కాగితాలు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం వణకలేదు.

"ఎందుకు కావాలె?" అంది సరళమ్మ.

"నాకు ఇష్టం. సేవ అని సెప్పు అన్నడు మా ఆయన. సేవ గూడ అయితది. గని నేను నాకు కావాలని అడుగుతాన్న. నాకు ఈ పని మంచిగ వచ్చు. అందరి కొట్టాలల్ల నేనే తిరగాలని నాకు మస్తు ఆశ."

ఆశ అన్న మాట ఆమె అంత పెద్ద గొంతుతో అనడం నేను అంతకు ముందు వినలేదు. ఇక కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"ఇంకోటి గూడ కావాలె."

ఈసారి మెలిపెట్టింది నా కడుపు. చాలమ్మా, దొరికింది పుచ్చుకుని కూర్చో, ఎక్కువ అడిగితే ఉన్నది కూడా పోతుంది అని నా లోపల ఎవరో గట్టిగా అరిచారు. ఆ అరుపు విని నేనే ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళూ ఈ రోగం లాలిది అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళ నుంచి ఒక తెల్ల కాగితం మీద బదిలీ అని రాయలేని మనిషిని, నేను ఆమెకు అల్సర్ మందు చెప్పాను.

"వాగు అవతలి గూడేలు ఎవరి లిస్టుల లేవు. అవి గూడ నాకియ్యాలె."

"వాటికి రోడ్డే లేదు గదమ్మా. ఎట్ల పోతవ్?"

"నడుస్త. వాగొస్తే ఆగుత, దిగినంక పోత. టీకాల ఐసు డబ్బా ఒకటి మా ఇంటికాడ ఉంటే సాలు. అదీ కావాలె."

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి ఆ నవ్వులో ఎగతాళి లేదు. సరళమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇంకేమన్న ఉందా లాలీ?"

లాలి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఇప్పటికి గంతే," అని చెప్పి, చెప్పులు తొడుక్కుని కూర్చుంది.

కమిటీ లోపలి గదిలో మాట్లాడుకుని, పదకొండు దాటాక బయటికి వచ్చింది. పేరు సరళమ్మ చదివింది, నేను రాశాను. లాలి. తండా, రెండు ఊళ్ళు, వాగు అవతలి మూడు గూడేలు. ఐసు డబ్బా సంగతి పై ఆఫీసుకు రాస్తామన్నారు. నేను ఆ ముక్క కింద రెండు గీతలు గీశాను.

బయట రామ్‌చందర్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమైందని అడగడానికి భయపడి మా ముఖాల వైపు చూస్తున్నాడు. లాలి తలూపింది. అతను బండి హ్యాండిల్ మీద తల పెట్టుకుని కాసేపు లేవలేదు.

"పొట్ట ఎట్లా ఉందమ్మా?" అని అడిగాను.

లాలి ఆ రోజు గేదె డొక్క మీద వేసినట్టే, అరచెయ్యి తన కడుపు మీద వేసుకుని, కదలకుండా నిలబడి చూసుకుంది.

"ఆకలైతాంది సార్," అంది.

ఎదురుగా ఉన్న చిన్న హోటల్లోకి వెళ్ళాం. పూరీ అయిపోయింది, ఇడ్లీ ఉంది అన్నాడు హోటలతను. ఇడ్లీ తెమ్మని నేను చెప్పబోయేంతలో లాలి నాకు పూరీ కావాలె అంది. పిండి మళ్ళీ కలపాలి, అరగంట పడుతుందన్నాడు. ఆగుతామంది. అతను లోపలికి వెళ్ళి పిండి కలపడం మొదలుపెట్టాడు. నా కడుపులో మెలి ఇంకా తగ్గలేదు. బల్ల కింద చెప్పులు విడిచి, ఎవరూ చూడకుండా, మడిమలు నేలకు ఒత్తి కూర్చున్నాను.